సువర్ణమ్మ వంతు

క్రీస్తుదాసు నర్సీపట్నం డిపోలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా పనిచేశాడు. అన్నేళ్లలో ఒక్కనాడు కూడా చెకింగుకి దొరకలేదని, దొరికే పని చెయ్యలేదని, రిటైరై పదిహేనేళ్లయినా ఇంకా చెప్పుకుంటూనే ఉంటాడు. వినేవాళ్లకి విసుగొస్తుందేమో గానీ ఆయనకి రాదు. అలాంటి మనిషి డెబ్బై మూడో ఏట, సొంత కోడలి మొహంలోకి చూస్తూ, రోజుకో అబద్ధం చెప్పడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక అదేమంత కష్టమైన విద్య అనిపించలేదు.

ఆ అబద్ధం దగ్గరికి వెళ్లేముందు పేర్ల సంగతి చెప్పాలి.

కృష్ణదేవిపేట రోడ్డులో మిషను గుడివాళ్ల సమాధుల తోట ఉంది. ఈస్టరు నాడు తెల్లవారుజామున సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి వెళ్తారు. అన్ని ఊళ్లలోనూ వెళ్తారు, అందులో వింత లేదు. ఇక్కడ మాత్రం పాటకీ ప్రార్థనకీ ముందు ఒక పెద్దావిడ మొదటి సమాధి దగ్గర నిలబడి, అక్కడ పడుకున్నవాళ్ల పేర్లన్నీ వరసగా పిలుస్తుంది. చేతిలో కాగితం ఉండదు. మొదట్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకి చదువు రాదు, రాళ్లు చెక్కించే తాహతూ లేదు. ఏ మట్టిదిబ్బ కింద ఎవరున్నారో నోటితోనే గుర్తుపెట్టుకున్నారు. ఆ పేర్లు ఒకావిడ దగ్గర్నుంచి ఇంకొకావిడకి వస్తూ వచ్చాయి. మధ్యలో ఒక పాస్టరు అయ్యగారు వాటిని పుస్తకంలో రాయిద్దామని చూస్తే ఆడవాళ్లు సాగనివ్వలేదు. రాస్తే పుస్తకం బీరువాలోకి పోతుంది, ఆ తరవాత బీరువా తాళం పోతుంది అన్నారు.

ఇరవై ఆరేళ్లుగా ఆ పేర్లు క్రీస్తుదాసు భార్య సువర్ణమ్మ దగ్గరున్నాయి. మొత్తం రెండొందల పదకొండు. మిషను బడిలో టీచరుగా చేసిన మనిషి కాబట్టి, నిద్రకళ్లతో నిలబడ్డ జనం ముందు క్లాసులో హాజరు పిలిచినట్టే పిలిచేది. తన తరవాత ఎవరికి నేర్పాలన్నది మాత్రం ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చింది. నేర్పడం మొదలుపెడితే తనకి వయసైపోయినట్టే అనుకునేదో ఏమో.

పోయిన ఈస్టరుకి ఒక పేరు జారిపోయింది. జనం ఎవరూ గమనించలేదు. క్రీస్తుదాసు గమనించాడు, ఎందుకంటే ఆ పేరు ఆయన తల్లిది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ సువర్ణమ్మే అడిగింది. "ఏవండీ, అత్తయ్య పేరు పిలిసేనా నాను?"

"లేదు," అన్నాడు. ఆనాటికి ఆయనకింకా అబద్ధం చేతకాదు. ఆ ఒక్కసారి చేతనై ఉంటే ఎంత బాగుండేదో అని తరవాత చాలా రోజులు కుమిలిపోయాడు.

ఆ పేరుతో మొదలైంది. బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికింది. గ్యాసు పొయ్యి మీద ఖాళీ గిన్నె మాడింది. అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం ఎక్కువైంది. కోడలు దీనా ఊరుకునే రకం కాదు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు, ఏ పనైనా మెట్టు మెట్టుగా చెయ్యకపోతే నిద్ర పట్టదు. అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మతిమరుపు ఇప్పుడిప్పుడే మొదలైందనీ, తిండీ నడకా నిద్రా సరిచేసుకుని, షుగరూ బీపీ అదుపులో పెట్టుకుంటే చాలాకాలం నెట్టుకురావచ్చనీ ఆయన చెప్పాడు. దీనా అదంతా ఒక కాగితం మీద నెంబర్లేసి రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

ఆ ఇంట్లో ఆ కాగితం మాటకి ఎదురు లేకుండా పోయింది. రోజూ ఏదో ఒక ఆకుకూర, వారానికి మూడుసార్లు సముద్రపు చిన్న చేపలు, రాత్రి నానబెట్టిన వాల్‌నట్లు, తెల్లన్నం తగ్గించి చోడిపిండి, అంటే రాగిపిండి జావ. వేపుళ్లు బంద్, అప్పడాలు బంద్. చేప వేపుడంటే పడిచచ్చే క్రీస్తుదాసు ఆ నిబంధన చదివి, ఇది తన జ్ఞాపకశక్తికి కూడా వర్తిస్తుందా అని అడిగాడు. ఇంట్లో అందరికీ వర్తిస్తుందని కోడలు నవ్వుతూ చెప్పింది. పొద్దున్నే మిషను కాంపౌండు చుట్టూ నడక. మధ్యాహ్నం పక్కింటి పిల్లకి ఎక్కాలు చెప్పడం. టీవీ ఎనిమిదింటికి ఆపెయ్యడం. దీనా నాలుగున్నరకి లేచి అన్నీ వండి, అత్తగారికో డబ్బా, మావగారికో డబ్బా సర్ది, ఎనిమిదింటికి స్కూలు వ్యానెక్కేది. ఆమె మొగుడు ప్రభుకుమార్ అచ్యుతాపురంలో కంపెనీ పని, శనివారం రాత్రికొచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు.

చేపలు రాజయ్యపేట నుంచి వచ్చేవి. అప్పయ్యమ్మ అని, తెల్లారకుండా రేవులో సరుకు ఎత్తుకుని అడ్డరోడ్డు మీదుగా ఆటోలో వచ్చి, గంప నెత్తినెట్టుకుని వీధివీధీ తిరిగే మనిషి. టీచరమ్మకి కవళ్లూ కానాగంతలూ లాంటి చిన్న చేపలు మంచివని దీనా చెప్పినప్పట్నుంచి, మంచివి ఏరి అడుగున దాచి తెచ్చేది.

ఫలితం లేకపోలేదు. క్రిస్మస్ వెళ్లేసరికి సువర్ణమ్మ తేరుకుంది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని రెండొందల పదకొండు పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది, అత్తగారి పేరుతో సహా. క్రీస్తుదాసుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. దీనా అత్తగారి బుగ్గ మీద ముద్దుపెట్టింది. అక్కడితో అందరూ బుద్ధిగా ఉంటే ఈ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

కానీ భయం అన్నది ఒకసారి మనిషిలో దూరాక, బాగైందన్నా నమ్మనివ్వదు. సువర్ణమ్మ పైకి నవ్వుతూనే ఉండేది, లోపల రోజూ పేర్లు తడుముకునేది. ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే నలభై రోజులు, శ్రమల దినాలు దగ్గరపడ్డాయి. అవి మొదలయ్యే భస్మ బుధవారానికి ముందటి ఆదివారం గుళ్లో అయ్యగారు స్పష్టంగానే చెప్పారు. షుగరున్నవాళ్లు, మందులు వాడేవాళ్లు ఉపవాసం ఉండక్కర్లేదు, ప్రార్థన చేసుకుంటే చాలు అని. సువర్ణమ్మ రెండో బెంచీలో కూర్చుని తల ఊపుతూ విన్నది.

మంగళవారం సాయంత్రం మొగుణ్ని పెరట్లోకి పిలిచింది.

"రేపట్నించి నలభై రోజులు ఉపాసం ఉంటాను. పొద్దుగూకి ప్రార్థన సేసుకున్నాకే తింటాను."

"అయ్యగారు వద్దన్నారు గదా? నీకు సుగరు."

"సుగరు తగ్గాలని ఉంతన్నానేటండీ? పేర్లు పోకుండా ఉండాలని. ఈస్టరుకి ఒక్కటీ పోకూడదు. కోడలికి సెప్పొద్దు, ఊరుకోదు. అసలు ఉపాసమన్నది నలుగురికీ తెలిసేలాగ ఉండకూడదు, అది మీకు నాను సెప్పాలేటి?"

"మరి బిళ్ల?"

"బిళ్ల మానకూడదు. మందు మానీసి దేవుడా నువ్వే సూసుకో అంటే, దేవుణ్ని పరీచ్చ పెట్టినట్టు గాదేటి? బిళ్ల బిళ్లే, ఉపాసం ఉపాసమే. బిళ్లేమన్నా కూడేటి, ఉపాసం సెడడానికి?"

క్రీస్తుదాసుకి ఆ మాట సబబుగానే తోచింది. మందు మాననంటోంది కదా, ఇక ప్రమాదమేముంది అనుకున్నాడు. ముప్పై రెండేళ్లు టిక్కెట్లు చించిన చేతికి షుగరు బిళ్ల సంగతి ఏం తెలుసు? అది వేసుకున్నాక తినకపోతే ఒంట్లో ఉన్న చక్కెరనే తోడేస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఫ్రిజ్ మీద కాగితంలో తొమ్మిదో నెంబరు దగ్గర 'బిళ్ల తిండితోనే' అని దీనా రాసింది. అది ఆయన చదివాడు కూడా. మిగతా పదమూడింటిలాగే అదీ కోడలి ఛాదస్తం అనుకున్నాడు.

మాటిచ్చాడు. రేపట్నుంచి ఆమె వంతు ఏం చెయ్యాలన్నది తరవాతి ప్రశ్న. పొద్దుటి జావ కోడలు వ్యానెక్కాక తాగుతానంటే సరిపోతుంది, మధ్యాహ్నం డబ్బా మాత్రం ఖాళీగా ఉంటేనే దీనాకి నమ్మకం. అన్నం పారబొయ్యడం వాళ్లింటా వంటా లేదు. ఇంక మిగిలింది క్రీస్తుదాసు పొట్ట ఒక్కటే.

మొదటి మూడు రోజులు ఆమె ఎదురుగా కూర్చుని ఆమె తిండి తినడానికి గొంతు దిగలేదు. నాలుగో రోజు దిగింది. పదో రోజుకి రుచి తెలిసింది. నిజం చెప్పుకోవాలంటే, రెండు డబ్బాల చేపల కూర కోసం పన్నెండు ఎప్పుడవుతుందా అని గడియారం కేసి చూసే స్థితికి వచ్చాడు. ఆ సంగతి తల్చుకుని తనలో తనే సిగ్గుపడేవాడు, సిగ్గుపడుతూనే తినేవాడు. వాల్‌నట్లు నమిలేవాడు. సాయంత్రం అయిదింటికి దీనా వ్యాను దిగి, బ్యాగు భుజాన ఉండగానే అడిగేది.

"అత్తమ్మ తిన్నారా మావయ్యా?"

"తినీసిందమ్మా. డబ్బా కడిగీసేను కూడా."

పొద్దున బిళ్ల ఇచ్చేది ఆయనే. నీళ్ల గ్లాసు పట్టుకుని దగ్గర నిలబడి, మింగిందాకా చూసేవాడు.

రెండో వారం దాటాక మధ్యాహ్నాలు చెడ్డం మొదలయ్యాయి. పదకొండు దాటేసరికి సువర్ణమ్మకి చెమటలు పట్టేవి, చేతులు వణికేవి. పక్కింటి పిల్లకి ఏడో ఎక్కం చెబుతూ మధ్యలో ఆగిపోయి, ఎవరి పిల్లవే నువ్వు అని కసిరింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. ఒకరోజు గుడి దగ్గర్నుంచి ఇంటికి రాబోయి మాకవరపాలెం పోయే షేరాటో ఎక్కేసింది. తెలిసిన డ్రైవరు కాబట్టి దింపి వెళ్లాడు. ఇంకొకరోజు రెండు గంటల వేళ క్రీస్తుదాసు కేసి చాలాసేపు చూసి, "మీకు ఎవరు కావాలండీ?" అని మర్యాదగా అడిగింది.

తమాషా ఏమిటంటే, సాయంత్రం ఆరింటికి మోకాళ్లూని ప్రార్థన చేసుకుని, ఇన్ని మెతుకులు తిన్న అరగంటకి మనిషి మామూలైపోయేది. మాట తేటపడేది. పేర్లు వరసగా వచ్చేవి.

"సూసేరా?" అనేది. "పొద్దుటంతా సాతాను లాగుతున్నాడు. ప్రార్థన అవగానే దేవుడు తిరిగిచ్చేత్తన్నాడు."

క్రీస్తుదాసూ అలాగే నమ్మాడు. ప్రార్థన, తిండి రెండూ ఒకే వేళకి జరుగుతుంటే, ప్రార్థనల మధ్య పెరిగినవాడెవడైనా గొప్ప దేనికి కట్టబెడతాడు? కంచంలో ఉన్నది ఆమె ఒంట్లో పడబట్టి తేరుకుంటోందన్న ఆలోచన ఆయనకి కలలోకి కూడా రాలేదు. శ్రమల దినాల్లో ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు, ఆ రోజుల్లో ఆమె రోజంతా బాగుండేది. దాన్ని గుడి మహిమ అనుకున్నారు. వారానికోసారి వచ్చే ప్రభుకుమార్ చూసేది ఆ ఆదివారమే కాబట్టి, అమ్మకేం కాలేదు, నువ్వే లేనిపోనివి ఊహించుకుంటున్నావని పెళ్లాన్ని విసుక్కునేవాడు.

దీనా ఊహించుకోలేదు. మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోను చేస్తే అత్తగారు పొంతన లేకుండా మాట్లాడుతోంది. జబ్బు ముదురుతోందని బెంగపడి, తనకి తెలిసిన దారిలో తను ఇంకో మెట్టు ఎక్కింది. పొద్దుటి నడక ఇంకో రెండు చుట్లు పెంచింది. చారెడున్న అన్నం సగం చేసి ఆకుకూర పెంచింది. ఆ రెండు చుట్లూ సువర్ణమ్మ బిళ్ల వేసుకుని, ఖాళీ కడుపుతో, కోడలి మాట కాదనలేక నడిచింది. క్రీస్తుదాసు పక్కన నడుస్తూ, చెయ్యి పట్టుకుని మరీ నడిపించాడు.

ఈస్టరుకి ముందటి మట్టల ఆదివారం వెళ్లిన మంగళవారం, ఉపవాసానికి ముప్పై ఆరో రోజు. పన్నెండున్నరకి క్రీస్తుదాసు రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని కానాగంతల పులుసు తింటున్నాడు. సువర్ణమ్మ గదిలో పడుకుని ఉంది. ఇంతలో గేటు దగ్గర అప్పయ్యమ్మ గంప దించిన చప్పుడైంది. టీచరమ్మోయ్ అని పిలుస్తూ లోపలికొచ్చి, గదిలోకి తొంగిచూసి కేక పెట్టింది.

సువర్ణమ్మ మంచం పక్కన నేల మీదుంది. జాకెట్టు చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. నాలుక మడతపడిపోయింది.

"సుగరు దిగిపోనాదయ్యా! మా అప్పకి ఇలగే అయ్యింది. పంచదారట్టుకురా, బేగి!"

క్రీస్తుదాసు కదల్లేకపోయాడు. పులుసు చెయ్యి అలాగే గాల్లో ఉంది. అప్పయ్యమ్మే వంటింట్లోకి పరిగెత్తి పంచదార డబ్బా వెతికి తెచ్చి, తడివేలితో అద్ది ఆమె చిగుళ్లకీ బుగ్గల లోపలా రాసింది. రాస్తూనే ఆటోని పిలవమని అరిచింది. అప్పటికి ఆయనకి కాళ్లొచ్చాయి.

ఆటో వచ్చేలోగా అప్పయ్యమ్మ అడిగింది. "ఏటి తిన్నాదీ వేళ?"

ఆమె గుమ్మం అవతల నేల మీది రెండు డబ్బాలకేసి చూసింది. ఒకటి ఖాళీ, రెండోదాన్లో ముల్లు. ఆయన చేతికేసి చూసింది. ఈ ఇంటికి తను ఏరి ఏరి తెచ్చిన చేపలు ఎవరు తిన్నారో ఆమెకి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

"నానెవరికీ సెప్పను బావూ," అంది చివరికి. "మీరే సెప్పుకోండి."

ఆస్పత్రిలో సూదితో గ్లూకోజు ఎక్కించాక కూడా సువర్ణమ్మకి స్పృహ రావడానికి చాలాసేపు పట్టింది. షుగరు ముప్పై నాలుగుకి పడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఇది ఈ ఒక్కరోజు సంగతిలా లేదని, కొన్నాళ్లుగా రోజూ దిగుతూ ఉండి ఉంటుందని కూడా చెప్పింది.

"మెదడు బతికేదే ఆ చక్కెర మీదమ్మా. అసలే మతిమరుపు మొదలైన మనిషి. ఎంత వెనక్కొస్తుందో, ఎంత రాదో ఇప్పుడే చెప్పలేను. ఇంట్లో సరిగా తింటున్నారా?"

స్కూలు నుంచి వచ్చిన దీనాకి ఊపిరి అందడం లేదు. "తింటున్నారండీ. రోజూ డబ్బా ఖాళీ చేస్తున్నారు. నేనే... నేనే అన్నం తగ్గించానండీ. నడక పెంచాను."

"అంత తగ్గించేశారా?" అంది డాక్టరమ్మ.

క్రీస్తుదాసు తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. నోరు తెరిచాడు. వేళ్లకి ఇంకా పులుసు వాసన వస్తోంది. మూసేశాడు.

సాయంత్రానికి ప్రభుకుమార్ ఊడిపడ్డాడు. వరండాలో అందరూ చూస్తుండగా పెళ్లాన్ని పట్టుకుని, ఫోన్లో చూసిన తిండి పెట్టి మా అమ్మని చంపేద్దామనుకున్నావా అని అరిచాడు. అయిదు నెలలు నాలుగున్నరకి లేచి వండిన పిల్ల, తల వంచుకుని తప్పు ఒప్పుకుంది. క్రీస్తుదాసు అదీ విన్నాడు. కొడుకు కోపం చల్లారాక చెబుదామనుకున్నాడు. చల్లారాక, రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు మీద రేపు వేసుకుంటూ, బస్సుల్లో టిక్కెట్టు లేకుండా ఎక్కి చివరి స్టేజీ దాకా కిటికీలోంచి బయటికి చూసే మనుషులెలా ఉంటారో, అచ్చం అలాగే తయారయ్యాడు.

శుక్రవారం ఇంటికి తెచ్చారు. బిళ్ల మార్చారు. మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినిపించాలని గట్టిగా చెప్పారు. దీనా ఇంట్లోకి అడుగుపెట్టగానే ఫ్రిజ్ మీది కాగితం పీకి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. అందులో ఒక్క తప్పు మాట లేదు. ఆ ఇంట్లో ఆ సంగతి చెప్పగలిగిన ఏకైక మనిషి కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాడు.

సువర్ణమ్మ మనుషుల్ని గుర్తుపడుతోంది, నడుస్తోంది, కొడుకుని పేరుపెట్టి పిలిచింది. కానీ మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. శనివారం అయ్యగారు చూడ్డానికొచ్చి, రేపు పేర్లు ఎవరైనా... అని నసిగారు. ఇంకొకరికి తెలియదు కదా అన్నది ఆయన నోట్లోనే ఉండిపోయింది.

"ఈవిడే పిలుత్తాది," అన్నాడు క్రీస్తుదాసు. ఆ మాట ఎందుకన్నాడంటే, ఆమె పిలిచేస్తే ఇక ఏమీ జరగనట్టే అవుతుంది. ఆయన తినలేదు, ఆమె మానలేదు, కోడలు తిట్లు తినలేదు. అంత ఆశ పెట్టుకున్నాడు ఆ తెల్లవారుజాము మీద.

ఈస్టరు నాడు నాలుగింటికే లేపి, తెల్లచీర కట్టించి, పాలు తాగించి తీసుకెళ్లారు. సమాధుల తోటలో చీకటి ఇంకా విడలేదు. మూడొందల మంది దాకా ఉన్నారు, అందరి చేతుల్లోనూ కొవ్వొత్తులు. సువర్ణమ్మని మొదటి దిబ్బ దగ్గర నిలబెట్టారు. ఒకపక్క క్రీస్తుదాసు, ఒకపక్క దీనా. కోడలి భుజానికి సంచీ, అందులో అరటిపండు ముక్కలు, బిస్కట్లు ఉన్న డబ్బా. అయ్యగారు తల ఊపారు. జనం మాటలు ఆపేశారు.

సువర్ణమ్మ నోరు విప్పలేదు. కొవ్వొత్తికేసి చూసింది, దిబ్బకేసి చూసింది. తరవాత మొగుడి వైపు వంగి గుసగుసగా అడిగింది.

"ఏవండీ, నాను ఉపాసం ఉన్నాను గదా?"

"ఉన్నావు."

"అది తెలుత్తంది. ఏటి కోసం ఉన్నాను? ఎంత తలుసుకున్నా రావట్లేదు. మీకు సెప్పేను గావాల."

"పేర్ల కోసం సువర్ణా."

"ఎవరి పేర్లు?"

వెనక ఎవరో దగ్గారు. జనం ఎదురుచూస్తున్నారు. దీనా అత్తగారి నడుం చుట్టూ చెయ్యి వేసి, కంగారుపడకండి అత్తమ్మా అంటోంది. ఆ చెయ్యి చూశాక క్రీస్తుదాసుకి ఇక నిలబడ్డం చేతకాలేదు. జనం వైపు తిరిగాడు. బస్సులో ఆఖరి సీటు దాకా వినబడేలా అరిచిన గొంతు, ఇప్పుడు సగం మాత్రమే పైకొచ్చింది.

"ఈ ఏటికి పేర్లు రావండి," అన్నాడు. "ముప్పై ఆరు రోజులు ఈవిడ పగలంతా ఉపాసముంది. సుగరు బిళ్లేసుకుని ఉంది. బిళ్ల నానే ఇచ్చేను. ఈవిడ కూడు నానే తిన్నాను. రోజూ తిన్నాను. తినీసిందమ్మా అని కోడలికి సెప్పేను. ఆ పిల్ల తప్పేటీ లేదు, అది పెట్టిందంతా మంచి కూడే." ఆగాడు. "ఆ పేర్లు నానే తినీసేనండి."

దూరంగా కృష్ణదేవిపేట మొదటి ఆటో పోతున్న చప్పుడు వినబడింది. ప్రభుకుమార్ తండ్రికేసి ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, చేతిలో కొవ్వొత్తిని ఊది ఆర్పేశాడు. దీనా మావగారి మొహం కేసి చూసింది. ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆ రెండూ జరగలేదు. అయిదు నెలల పొద్దుటిపూటలు ఒక్కొక్కటీ మళ్లీ మొదట్నుంచి లెక్క చూసుకుంటున్నదానిలా నిలబడిపోయింది.

ఏడ్చింది సువర్ణమ్మ.

"సెప్పీసేరా?" అంది. "నలుగుర్లో సెప్పీసేరా? ఎవరికీ సెప్పకూడదని మాటిచ్చేరు గదండీ. ఇంకది ఉపాసమే గాదు. అంతా పోనాది." చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏదో నిశ్చయించుకున్నట్టు తలెత్తింది. "పోనీలెండి. మళ్లీ మొదట్నించి ఉంటాను."

దీనా గభాల్న డబ్బా మూత తీసింది. పాలు తాగించి అప్పటికే గంట దాటింది. అరటిపండు ముక్క తీసి అత్తగారి నోటి దగ్గర పెట్టింది. సువర్ణమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. పెదాలు బిగించేసింది.

"అత్తమ్మా, ఒక్క ముక్క."

తల అడ్డంగా ఊపింది.

క్రీస్తుదాసు కోడలి చేతిలోంచి ఆ ముక్క తీసుకున్నాడు. యాభై ఏళ్ల కాపురంలో ఆయన భార్యకి తన చేత్తో ఏదీ తినిపించి ఎరగడు.

"తిను సువర్ణా," అన్నాడు. "దేవుడేమీ అనుకోడు. తిను."

ఆమె ఆయన్ని చూసింది. భర్తేనని గుర్తుపట్టింది, అందులో సందేహం లేదు. ఇంతకుముందే మాట తప్పిన మనిషి మళ్లీ తప్పమంటున్నాడని కూడా ఆమెకి తెలుసు. నోరు తెరవలేదు. వెనక జనంలోంచి ఒకరిద్దరు పిల్లల్ని తీసుకుని గేటు వైపు నడిచారు. తూర్పున తెల్లబడుతోంది. ఆయన ఆ ముక్కని అలాగే ఆమె పెదాల దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.